రెండు ఎడమ పక్కల పడవ

ఊళ్ళో ఆయన కుట్టిన చొక్కా తొడుక్కోని మగవాడు లేడు. అది తనకి సరిగ్గా పట్టిందని చెప్పిన మగవాడూ లేడు.

మెడ బిగిసిందనో, భుజం జారిందనో ఎవరైనా దుకాణం మెట్టెక్కితే, టైలరు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చూసేవాడు. చొక్కా వంక మాత్రం చూసేవాడు కాదు. తీరుబడిగా చూడ్డం అయ్యాక, "ఒక్క ఉతుకు పడనియ్యి, సర్దుకుంటుంది" అనేవాడు. ఉతికాక కూడా సర్దుకోలేదని మళ్ళీ వస్తే ఇంకొక్క ఉతుకు పడాలనేవాడు. మూడోసారి వచ్చే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. చొక్కా సర్దుకోకపోయినా మనిషి సర్దుకునేవాడు. అలా నలభై ఏళ్ళు నడిచిపోయాయి. ఎదురుపడితే మాస్టారూ అని పిలిచేవాళ్ళే ఆయన వీధి మలుపు తిరగ్గానే సర్దుకుంటుంది గారు అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినట్టు కనపడేవాడు కాదు.

పని రాక కాదు. కత్తెర పట్టాడంటే గీత మీద వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. కొలత తప్పినప్పుడు ఆయనకి చేతకానిదల్లా ఒక్కటే, కుట్టినదాన్ని విప్పడం. పని నేర్చుకునే రోజుల్లో ఒక కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించి కుట్టేశాడు. వాళ్ళ గురువు దుకాణం నిండా జనం ఉండగా ఆ కోటు ఆయనకే తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, చేతులు రెండూ ఒక్కొక్క కుట్టే విప్పించాడు. బట్టల కోసం వచ్చినవాళ్ళు తమ పని చూసుకుని వెళ్ళకుండా అదయ్యేదాకా ఉన్నారట. ఆ పూట పోయిన పరువు తిరిగొచ్చాక, ఇక జన్మలో కుట్టు విప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టయితే నిలబెట్టుకున్నాడు గానీ, దాని బరువంతా ఊరి భుజాల మీద పడింది.

అందరికంటే ముందు పడింది ఆయన భార్య మీద. కొత్త కాపురంలో మొదటి జాకెట్టు కుట్టిచ్చినప్పుడు, ఎడమ చెయ్యి పట్టేస్తోందని ఆవిడ మొహమాటపడుతూనే చెప్పింది. సర్దుకుంటుంది అన్నాడు. ఆ కాగితం నమూనానే మేకుకి తగిలించి, దాని ప్రకారమే తర్వాతి జాకెట్లన్నీ కుట్టాడు. టైలరు పెళ్ళాం ఇంకో టైలరు దగ్గరికి వెళితే ఇంటి పరువేం కాను? ఆవిడ ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. అటక మీద డబ్బా దించాలన్నా, తలుపు పై గడియ తీయాలన్నా కుడి చెయ్యే. చూసేవాళ్ళు అది ఆవిడ అలవాటనుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆవిడా అలాగే అనుకుంది.

వాళ్ళ వీధి చివర రేవు. రేవులో నిలబడితే నది అవతలి గట్టున ఎర్ర పెంకుల ఇల్లొకటి కనపడుతుంది. అది ఆవిడ అక్కది. పూర్వం రోజుకి నాలుగుసార్లు బల్లకట్టు తిరిగేది. ఎగువన ఎక్కడో వంతెన కట్టాక అది ఆగిపోయింది. ఇప్పుడు అక్క ఇంటికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, సగం రోజు పోవాలి. ఆ బస్సుల మెట్లేమో ఆవిడ మోకాళ్ళకి అందనంత ఎత్తు. నాలుగేళ్ళుగా అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పొద్దున్నే అక్క గట్టు మీద బట్టలారేస్తుంటే ఈవిడ రేవు మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపేది. కుడి చెయ్యి. అవతల చీమంత మనిషి తిరిగి ఊపేది.

ఫోను ఉంది కదా అంటారా? అక్కకి చెవులు తగ్గుతూ వచ్చాయి. ఈవిడ ఇక్కడ గొంతు చించుకుంటే వీధి వీధంతా వినేది, అక్క తప్ప. మోకాళ్ళెలా ఉన్నాయని అక్క అడిగేది, ఈవిడ చెప్పేది, మోకాళ్ళెలా ఉన్నాయని అక్క మళ్ళీ అడిగేది. ఒక రోజు ఫోను పెట్టేసి ఆవిడ వంటింటి గడపలో కూర్చుండిపోయింది. "ఎదురుగా కూర్చుని చెవి దగ్గర చెబితే ఇంకా కాస్త వినపడుతుందటండీ. వానాకాలం దాటితే ఆ కాస్తా ఉండదేమో" అంది.

వానలు పడితే నది నాలుగు నెలలపాటు ఎవరినీ దాటనివ్వదు. వానలకి ఇంకా రెండు నెలలుంది. టైలరు ఆ పూట అన్నం సగంలోనే లేచాడు. చేపల పడవలో తీసుకువెళ్ళడం అయ్యే పని కాదని ఆయనకి తెలుసు, ఒకసారి ప్రయత్నించారు. ఆ పడవల్లో కూర్చునే చెక్క చీలమండల ఎత్తున ఉంటుంది. ఆవిడ కూర్చోవడమైతే కూర్చుంది. లేపడానికి నలుగురు పట్టారు, అందులో ఒకడు నీళ్ళలో పడ్డాడు. ఇక చచ్చినా పడవెక్కనని ఆవిడ అప్పుడే చెప్పేసింది. కాబట్టి కావలసింది కుర్చీ ఎత్తున ఆసనం ఉండి, ఆ ఎత్తుకి ఊగిపోకుండా అడుగు వెడల్పుగా ఉండే పడవ. అలాంటిది ఎక్కడా దొరకదు, చేయించాల్సిందే.

పడవలు చేసే మేస్త్రీలు బల్లకట్టుతో పాటే ఊరొదిలిపోయారు. మిగిలినవాడు తలుపులు, మంచాలు చేసే మేస్త్రీ ఒక్కడే. తన తండ్రి చేసిన పడవలు ఇప్పటికీ మునగలేదని, పని తన రక్తంలోనే ఉందని అతను చెప్పాడు. టైలరు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. చెక్క నీది, కొలతలు నావి అన్నాడు. ముందుగది నేల మీద గోధుమరంగు కాగితాలు అతికించి, రేవులో పాత పడవలన్నీ టేపుతో కొలిచి వచ్చి, సుద్దతో గీసి, మూడు రోజులు పడవకి నమూనా కత్తిరించాడు. ఆ మూడు రోజులూ ఆవిడ గోడ పట్టుకుని గది అంచుల వెంట నడిచింది. ఆఖర్న ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి నుంచి నేలదాకా టేపు పెట్టి కొలిచాడు. పెళ్ళయ్యాక ఆవిడకి ఆయన కొలత తీసుకోవడం అది రెండోసారి.

"నేనెక్కుతానని ఎవరు చెప్పారు?" అందావిడ.

ఆయన కొలత రాసుకున్నాడు.

మేస్త్రీ చుట్టూ తిరగడం మొదలైంది. చెక్క ఎండాలన్నాడు ఒకసారి, ఉలి పదును పోయిందన్నాడు ఇంకోసారి. ఎవరిదో పెళ్ళికి మంచం తొందరగా కావాలన్నాడు. పడవ మీద ఎప్పుడు చూసినా టార్పాలిన్ కప్పే ఉండేది. కాస్త తీసి చూపించమంటే, సగం పనిలో చూస్తే దిష్టి తగులుతుందన్నాడు. టైలరు తన దుకాణంలో ఇదే మాట ఇంకో రకంగా ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. అందుకే మళ్ళీ అడక్కుండా ఇంటిదారి పట్టాడు.

వానలకి మూడు వారాలుందనగా పడవ రేవులోకి దిగింది. తారు నిగనిగలాడుతోంది. మధ్యలో ఆసనం సరిగ్గా చెప్పిన ఎత్తునే ఉంది. కాకపోతే దానికి మంచం కోళ్ళలాగా నగిషీ చెక్కిన నాలుగు కాళ్ళున్నాయి, పట్టుకోవడానికి పైన పిడి కూడా ఉంది. నాలుగో కాలు కింద మడిచిన అగ్గిపెట్టె అట్ట ముక్క ఉంది. టైలరు ఆ అట్ట ముక్కని చూశాడు, చూడనట్టు తెడ్లు అందుకున్నాడు. ముందు తానొక్కడే వెళ్ళి చూస్తానన్నాడు. ఆవిడ మెట్టు మీద గొడుగు వేసుకుని నిలబడింది. బట్టలుతికేవాళ్ళు చేతులాపి చూస్తున్నారు.

పడవ ముందుకి కదిలింది. నాలుగు తెడ్లు వేసేసరికి ఎడమకి తిరిగింది. ఆయన కుడి పక్కకి సర్దబోయాడు, అది ఇంకాస్త ఎడమకి తిరిగింది. నిదానంగా, మర్యాదగా, ఒక పెద్ద చుట్టు చుట్టి బయల్దేరిన చోటికే వచ్చింది. ఎటు మాస్టారూ అని ఒకాయన అడిగాడు. అవతలి గట్టుకి అన్నాడాయన, మళ్ళీ వేశాడు తెడ్డు. రెండో చుట్టులో అదే మనిషి అదే ప్రశ్న వేశాడు. మూడో చుట్టుకి టైలరు కాళ్ళు తడిశాయి. చూస్తే కుడి పక్క పలకల సందులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. నాలుగో చుట్టుకి రేవంతా పగలబడి నవ్వింది. మెట్టు మీద గొడుగు కూడా గజగజ ఊగింది. నెలల తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు చూసి ఆయనకి కోపం రాలేదు. కానీ ఆవిడ కళ్ళు తుడుచుకుని అవతలి గట్టు వంక ఒకసారి చూసింది. అక్క గట్టు మీదికి వచ్చి నిలబడి ఉంది. పడవ వస్తుందని నిన్న ఈవిడే ఫోనులో అరిచి చెప్పింది. ఆ ఒక్క మాటా ఎలాగో వినపడినట్టుంది. ఆవిడ గొడుగు మూసి ఇంటికి నడిచింది.

టైలరు తడిసిన ప్యాంటుతోనే మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాడు. దారి పొడుగునా తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాడు. పడవ చుట్లు తిరుగుతోంది, నీళ్ళు కారుతోంది, ఆసనం కింద అగ్గిపెట్టె ఉంది అని మొదలుపెట్టాడు. మేస్త్రీ చిత్రిక పడుతున్న తలుపు మీంచి తలెత్తాడు. ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

"నాలుగు రోజులు నీళ్ళలో నాననివ్వండి మాస్టారూ. సర్దుకుంటుంది."

టైలరు పేర్చుకున్న తిట్లన్నీ ఎక్కడివక్కడ రాలిపోయాయి. ఇది వెక్కిరింతేమోనని మేస్త్రీ మొహం చూశాడు. వెక్కిరింతేం లేదు. మనిషి నిజాయితీగానే అంటున్నాడు, సరిగ్గా తానన్నట్టే. మొహం కిందికి దించుకున్నాడు. దించుకుంటే మేస్త్రీ తొడుక్కున్న చొక్కా కనపడింది. చేతులు రెండూ మోచేతులదాకా మడిచి ఉన్నాయి. కుట్టు చూడగానే అది ఎవరి దుకాణానిదో ఆయనకి తెలిసిపోయింది.

ఆ చేతులొకసారి దించమన్నాడు. ఇప్పుడెందుకని మేస్త్రీ నసిగాడు. దించమన్నాను అని ఆయన గట్టిగా అన్నాక దించాడు. కుడి చెయ్యి వేళ్ళ కణుపులదాకా వచ్చింది. ఎడమ చెయ్యి మణికట్టుకి నాలుగు వేళ్ళ పైనే ఆగింది.

"కొడుకు పెళ్ళికి కుట్టించుకున్నానండీ. ఫొటోలన్నిట్లో చేతులు వెనక్కి పెట్టుకునే ఉంటాను" అన్నాడు మేస్త్రీ, మొహమాటంగా.

టైలరు రేవుకి వచ్చి నలుగుర్ని పిలిచి, పడవని గట్టెక్కించి షెడ్డుకి మోయించాడు. బోర్లించి, దుకాణంలో పాత ఇనుప రేకు ఒకటి తెచ్చి కుడి పక్క తారు గీకడం మొదలుపెట్టాడు. తారు కింద జనపనార, దాని కింద చెక్క పొట్టు, దాని కింద వేలు దూరేంత సందు. అటు చూశాడు, ఇటు చూశాడు. పలకలు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలంటే వాటి అంచుని లోపలి వైపుకి ఏటవాలుగా చిత్రిక పట్టాలి. ఎడమ పక్క అంచులు లోపలికే ఉన్నాయి. కుడి పక్కవి బయటికి ఉన్నాయి. వంపూ అంతే, తిరగబడింది. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి బలవంతాన వంచి మేకులు దింపాడు మహానుభావుడు. ఎడమ పక్కలాంటిదే ఇంకోటి చేసి కుడి పక్కన తగిలించాడన్నమాట.

టైలరు ఇనుప రేకు పక్కన పెట్టి కింద కూలబడ్డాడు. దుకాణం నిండా జనం, ఎదురుగా అద్దం, ఒంటి మీద రెండు ఎడమ చేతుల కోటు. అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

మేస్త్రీ ఇక దాచలేదు. కాగితం ప్రకారమే రెండుసార్లు గీసి కోశానన్నాడు. బిగించేటప్పుడు తేడా తెలిసిందని, అప్పటికే సగం మేకులు దిగాయని, తారు పూస్తే కనపడదనుకున్నానని తల వంచుకుని చెప్పాడు.

టైలరు కాగితం అడిగి తీసుకున్నాడు. దాని మీద తన చేతిరాతే ఉంది. పొడవు, వంపు, అంచు, అన్నీ రాశాడు. నమూనా మాత్రం ఒక పక్కదే. టైలర్లు గుడ్డని మడిచి కత్తిరిస్తారు. ఒక పక్క గీస్తే చాలు, మడత విప్పేసరికి రెండో పక్క ఎదురుబొదురుగా దానంతటదే వస్తుంది. నలభై ఏళ్ళ అలవాటు. చెక్క మడత పడదన్న ఆలోచనే ఆయనకి రాలేదు. రెండో పక్కకి కాగితం తిరగేసి గీయాలని ఎక్కడా రాయలేదు. పడవల మేస్త్రీ అయితే అడక్కుండానే తిరగేసేవాడు. పాపం ఇతనికి తెలిసింది తలుపు, దానికి ఎటు తిప్పినా ఒకటే.

ఇప్పుడు కావాలంటే మేస్త్రీ మీద తోసేసి ఊరంతా చెప్పుకోవచ్చు. తారు పూసి దాచింది అతనే కదా. టైలరు ఆ ఆలోచన కాసేపు చేశాడు కూడా. ఆయనేం దేవుడు కాదు. ఇంతలో ఆయన వెనక, షెడ్డు గుమ్మంలో నీడ పడింది. మధ్యాహ్నం దాటినా మనిషి రాలేదని ఆవిడ మోకాళ్ళు ఈడ్చుకుంటూ క్యారియర్ తెచ్చింది. బోర్లించిన పడవని, గీకిన తారుని, కింద కూర్చున్న మొగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ వచ్చినట్టే ఆయనకి తెలియదు.

"తప్పు సగం నాది మేస్త్రీ. కాగితం మీద రాయలేదు. దాచిన తప్పు మాత్రం నీది" అన్నాడు. తర్వాత, ఎప్పుడూ నోట రాని మాట కాబట్టి కాస్త తడబడి, "విప్పు" అన్నాడు.

మొత్తమా అని మేస్త్రీ నీళ్ళు నమిలాడు. వానలు ముంచుకొస్తున్నాయన్నాడు. ఉన్నదాని మీద ఇంకో పూత వేస్తే పోతుంది కదా అన్నాడు.

"కుడి పక్క మొత్తం విప్పు. నేనూ కూర్చుంటాను. ముందు ఆ చొక్కా ఇలా ఇయ్యి."

ఆవిడ క్యారియర్ గుమ్మంలో పెట్టి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలూ దుకాణం తలుపు తెరుచుకోలేదు. టైలరు షెడ్డులో స్టూలు వేసుకుని, మేస్త్రీ పీకిన మేకులన్నీ రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసేవాడు. కొత్త నమూనా గీసి, తిరగేసి, రెండో వైపు కూడా గీసి, ఏది ఎటో రెండింటి మీదా పెద్ద అక్షరాలతో రాశాడు. పలక కూర్చునేదాకా మేస్త్రీని మేకు ముట్టుకోనివ్వలేదు. చాలు మాస్టారూ, నీళ్ళలో అదే ఉబ్బుతుంది అని అతను అన్నప్పుడల్లా ఆయన కళ్ళజోడు సర్దుకుని సందులో సుద్దముక్క దూర్చి చూపించేవాడు. మేస్త్రీ తల ప్రాణం తోకకొచ్చింది. మూడో రోజు ఒళ్ళు మండి, మీ దుకాణంలో మీరూ ఇలాగే చూసుంటే ఊళ్ళో ఫొటోలు బాగా వచ్చేవి అన్నాడు. ఆ మాటకి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వేశారు. చొక్కా అప్పటికే చేతులు విప్పి, సరిచేసి, ఇస్త్రీ పెట్టి గోడ మేకుకి తగిలించి ఉంది. పాడవుతుందని మేస్త్రీ దాన్ని పనిలో తొడుక్కోవడం మానేశాడు. నాలుగో కాలు కింద అట్ట ముక్క తీసేసి కొత్త కాలు పెట్టాడు. నగిషీలు మాత్రం తీయనన్నాడు, తీయలేదు.

పడవ రెండోసారి రేవులో దిగిన రోజున ఆకాశం ఒక మూల నల్లబడుతోంది. ఈసారి టైలరు ఒక్కడే నది మధ్యదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. దాదాపు సూటిగానే వెళ్ళింది. ఎడమకి ఒకింత లాగుడుంది, కుడి తెడ్డు తేలిగ్గా వేస్తే సరిపోతుంది. బట్టలుతికేవాళ్ళకి చూడ్డానికి ఏమీ లేకపోయింది. మెట్టు దగ్గరికి తెచ్చి, ఆవిణ్ణి రమ్మనాలో వద్దో తెలియక, తెడ్లు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆవిడ చంకలో గుడ్డ సంచితో మెట్లు దిగింది. అక్కకేవో తీసుకెళ్తోంది కాబోలనుకున్నాడు. మేస్త్రీ చెయ్యి అందించాడు. కుర్చీలో కూర్చున్నట్టే ఆసనంలో కూర్చుంది. పాదాలు రెండూ అడుగు చెక్కకి సరిగ్గా ఆనాయి.

నది సగం దాటాక ఆయన ఉండబట్టలేకపోయాడు. "చచ్చినా ఎక్కనన్నావుగా?"

"పడవ బాగుందని ఎక్కలేదు లెండి. ఆ రోజు షెడ్డులో మీరు విప్పు అనడం విన్నాను. ఆ మాట అన్న మనిషి ముంచడనిపించింది."

ఆయన తెడ్డు తప్పింది. పడవ ఒక్కసారి ఎడమకి తిరిగింది, మళ్ళీ సర్దాడు.

అక్క మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి వచ్చింది. చెల్లెల్ని పట్టుకుని, ఏడుస్తూ, మోకాళ్ళెలా ఉన్నాయని అడిగింది. ఈవిడ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. అక్క మళ్ళీ అడగలేదు, తలూపింది. వినపడింది. ఇద్దరూ గట్టెక్కి పెరట్లో బల్ల మీద తలలు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు. నాలుగేళ్ళ కబుర్లు. టైలరు పడవని గుంజకి కట్టి, ఏం చేయాలో తోచక అందులోనే ఉండిపోయాడు.

ఆవిడకి ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. చంకలో సంచి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మేం లేచేసరికి సాయంత్రం అవుతుంది. ఊరికే కూర్చోకండి" అని వెళ్ళిపోయింది.

సంచిలో జాకెట్లున్నాయి. పైన ఆయన చిన్న కత్తెర, సూది, దారపు ఉండ. అన్నిటికంటే అడుగున వెలిసిపోయిన మొదటి జాకెట్టు ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని దాచిందని కూడా ఆయనకి తెలియదు. ఎడమ చెయ్యి తిరగేసి చూశాడు. కుట్టు లోపల, ఎప్పటికైనా వదులు చేయడానికి తానే మడిచి వదిలిన గుడ్డ, అంగుళం వెడల్పున, అలాగే ఉంది. అక్కడ రంగు కూడా వెలవలేదు.

కత్తెర మొనతో మొదటి కుట్టు లేపాడు. విప్పి, వదులు చేసి, మళ్ళీ కుట్టడానికి పావుగంట కూడా పట్టలేదు. పెరట్లో అక్కచెల్లెళ్ళు దేనికో గట్టిగా నవ్వుతున్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రెండో జాకెట్టు అందుకున్నాడు.